నిందితుడు కీర్తిశేషుడు

నా పాఠకులు దయ్యాన్ని నమ్మారు గాని ఎస్.ఐ.ని నమ్మలేదు. చిక్కంతా అక్కడే మొదలైంది.

జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం పాఠాలు చెప్పుకుంటూ, తీరిక దొరికినప్పుడు వారపత్రికకి దయ్యాల నేరకథలు రాసేవాణ్ణి నేను. ఉమాకాంతం అనే నా పేరు మా వీధిలోనే సగం మందికి తెలియదు, నా దయ్యాలు మాత్రం జిల్లా అంతటికీ తెలుసు. కొత్త సీరియల్లో నా దయ్యం గోడలోంచి దూరి ఒక రైసుమిల్లు యజమాని పీక నులిమింది. కిటికీ ఉండగా గోడలోంచి ఎందుకు దూరిందని ఒక్క పాఠకుడూ అడగలేదు. తరవాతి వారం కథలోకి ఎస్.ఐ. వచ్చి, శవాన్ని ఓసారి చూసి, జీపెక్కి దయ్యాన్ని వెతకడానికి బయల్దేరాడు. అంతే, పత్రిక ఆఫీసుకి ఫోన్ల మీద ఫోన్లు. పంచనామా జరక్కుండా శవాన్నెలా వదిలేసి పోయారని ఒకాయన, ఎఫ్.ఐ.ఆర్. కట్టకుండా దర్యాప్తేమిటని ఇంకొకాయన. పాఠకుల తెలివితేటల్ని అవమానిస్తున్నానని అందరూ కలిసి తేల్చారు.

మా సంపాదకుడు నన్ను పిలిచి, పోలీసు పద్ధతులు సరిగ్గా తెలుసుకుని వచ్చేదాకా సీరియల్ ఆపేస్తున్నానన్నాడు. దయ్యాల సంగతి నా ఇష్టానికే వదిలేశాడు. పోలీసుల దగ్గర మాత్రం కల్పన పనికిరాదట.

అలా నేను మా ఊరి పోలీస్ స్టేషన్ గుమ్మం ఎక్కాను. ఎస్.ఐ. తాతాజీ గారి గదిలో అప్పటికే ఒకామె నిలబడి ఉంది. పేరు నూకరత్నం. మెయిన్ రోడ్డు మీద తోపుడు బండి పెట్టుకుని పెసరట్లు వేసి అమ్ముకునేది. ఆ బండి పోయింది. పెనం, గ్యాసు పొయ్యి, రేకు డబ్బాలు, ఎండకి వేసే గొడుగు, అన్నీ బండితో పాటే పోయాయి. బండి దొరికితే పొయ్యి వెలుగుతుంది, లేకపోతే లేదు. ఆమె పరిస్థితి అంతే.

ఇందులో దర్యాప్తు చెయ్యడానికి ఏమీ లేదు. బండి పక్కనే కొత్తగా హోటలు తెరిచిన కరెంటు కాంట్రాక్టరు భుజంగరావు గారి పెరట్లో ఉంది ఆ బండి. ఆయన హోటలుకి రావలసిన జనం ఈమె పెనం దగ్గరే ఆగిపోతున్నారు. ఎవరు తీయించారో ఊరంతా చెప్పగలదు. ఆమె కూడా అదే చెబుతోంది.

"గోడమీంచి చూసేనండి. లోవతల్లి టిఫిన్స్ అని రాసుందండి దాని మీద. మీరొక్కసారి వచ్చి చూడండి బాబూ."

తాతాజీ గారు ఓర్పు గల మనిషి. "చూడ్డం వేరమ్మా, తేలడం వేరు. భుజంగరావు గారు పెద్దమనిషి. ఇంకా తేలలేదు, తేలాక కబురు చేస్తాం," అన్నారు. ఆమె వెళ్ళి బయట బల్ల మీద కూర్చుంది.

నేను నా సందేహాలు విప్పాను. దయ్యం హత్య చేస్తే ఏ సెక్షను పెడతారు? నిందితుడి చిరునామా దగ్గర ఏం రాస్తారు? వేలిముద్రలు లేనివాడికి వేలిముద్రలెలా తీస్తారు? తాతాజీ గారు నన్ను పిచ్చాసుపత్రి నుంచి తప్పించుకొచ్చినవాణ్ణి చూసినట్టు చూశారు. బయటికి పంపించేసేవారే గాని, ఉన్నట్టుండి ఏదో తట్టి ఆగారు.

"మీ కథలో హత్య చేసింది దయ్యమేనని ముందే తెలిసిపోద్దాండి?"

మొదటి వారమే తెలిసిపోతుందన్నాను.

"అంటే నిందితుడు ఎవరో తేలినట్టే కదా?"

తేలినట్టేనన్నాను. పట్టుకోవడమే కుదరదన్నాను.

"పట్టుకోవడం సంగతి ఎవడిక్కావాలండి బాబూ, తేలితే చాలు," అని తాతాజీ గారు కుర్చీలోంచి లేచారు. ఆ మర్నాడు నేరసమీక్ష సమావేశం ఉంది. ఆ సమావేశంలో ఎన్ని కేసులు తేలాయి, ఎన్ని తేలలేదని మాత్రమే అడుగుతారు. తేలనివి ఎక్కువున్న ఎస్.ఐ.ని నిలబెట్టి తిడతారు. తాతాజీ గారు నాలుగు సమావేశాలుగా నిలబడే ఉన్నారు. నాకు టీ తెప్పించారు. బిస్కట్లు కూడా వచ్చాయి.

తాతాజీ గారు నా దయ్యాల సంగతి అక్కడ పెట్టారట, సమావేశం నుంచి నాకు పిలుపొచ్చింది. వెళ్ళేసరికి డి.ఎస్.పి. మార్తాండరావు గారు మాట్లాడుతున్నారు. ఆయన మామూలు మాటలు మరిచిపోయి చాలా కాలమైంది. దాహం వేస్తే మంచినీటి విషయమై తగు చర్య తీసుకోమంటారు.

"శాఖ ఇంతవరకు నేరాన్ని శరీరం గలవారి దృక్కోణం నుంచి మాత్రమే పరిశీలించడం జరిగింది," అన్నారు డి.ఎస్.పి. గారు. "ఇది సంకుచిత వైఖరి. శరీరం లేదన్న ఒకే ఒక్క కారణంతో ఎవరినీ నిందితుల హోదాకు దూరంగా ఉంచడం సమంజసం కాదు."

ఎస్.ఐ.లందరూ చప్పట్లు కొట్టారు. నన్ను విషయ నిపుణుడిగా నియమించారు. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఇన్నేళ్ళ రచనా జీవితంలో నన్ను నిపుణుడని పిలిచినవాళ్ళు లేరు. మా ఇంట్లో అయితే ఆ దయ్యాల గోల కట్టిపెట్టమనే అంటారు.

అశరీర నిందితుల మార్గదర్శకాలు అనే పేరుతో ఒక ఉత్తర్వు తయారైంది. నా విజ్ఞానమంతా అందులో గుమ్మరించాను. పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి కనుక అడుగుల జాడల్ని తలకిందులుగా చదవాలన్నాను. వెంటనే పోలీసు కుక్కకి వెనక్కి నడవడంలో శిక్షణ మొదలుపెట్టారు. సంకెళ్ళకి బదులు వేపమండలన్నాను. వేపమండల సరఫరాకి టెండర్లు పిలిచారు. నిందితుడి ఫోటో ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి తీయాలన్న నియమాన్ని సడలించడానికి మాత్రం డి.ఎస్.పి. గారు ఒప్పుకోలేదు. ఖాళీ గోడని ఎదురుగా ఒకసారి, పక్క నుంచి ఒకసారి తీసి అంటించమన్నారు.

ఒక్క విషయంలో నేను పట్టుబట్టాను. దయ్యం కావడానికి ఒక అర్హత ఉంది. కాలం తీరి, రోగమొచ్చి, గుండె ఆగి సహజంగా పోయినవాళ్ళు దయ్యాలు కారు. అన్యాయంగా, అర్ధాంతరంగా పోయినవాళ్ళే అవుతారు. నా నవలలన్నీ ఈ ఒక్క సూత్రం మీదే నిలబడ్డాయి. డి.ఎస్.పి. గారు దానికేమీ అభ్యంతరం చెప్పలేదు. అదీ ఉత్తర్వులో చేరింది.

ఇక చూడండి మా సర్కిల్లో నేరపరిశోధన. మోటారు సైకిళ్ళు దయ్యాలు ఎత్తుకెళ్ళాయి. మెడల్లో గొలుసులు దయ్యాలు తెంపాయి. రేషను బియ్యం లారీలకి లారీలే దయ్యాలు తినేశాయి. ఫిర్యాదు రాసిన సిరా ఆరకముందే కేసు తేలిపోయేది. శ్మశానం గేటు దగ్గర ఒక కానిస్టేబుల్ని కాపలా పెట్టి, నిందితులు లోపలికి వెళ్ళేటప్పుడు పట్టుకోమన్నారు. లోపలికి వెళ్ళేవాళ్ళందర్నీ నలుగురు మోసుకొస్తున్నారు కనుక పట్టుకునే అవసరం కనిపించడం లేదని అతను పైకి నివేదించాడు.

ఒకరోజు కాలనీ జనం ఒక దొంగని మేకతో సహా పట్టుకుని స్టేషనుకి తీసుకొచ్చారు. మేక ఇంకా వాడి చంకలోనే ఉంది. తాతాజీ గారు జనం మీద విరుచుకుపడ్డారు. ఆ మేక కేసు ముందురోజే తేలింది. తేలిపోయిన కేసుని మళ్ళీ తేల్చడానికి మీరెవరని అడిగారు. దొంగ తనే తీశానని ఎంత మొత్తుకున్నా వినలేదు. శాఖని తప్పుదోవ పట్టిస్తే ఊరుకోమని గట్టిగా మందలించి వాణ్ణి పంపేశారు. తన పనికి పేరు ఇంకొకరికి పోతోందని వాడు వీధి చివరిదాకా గొణుక్కుంటూ వెళ్ళాడు. మేక ప్రభుత్వ స్వాధీనంలో ఉండిపోయింది. ఆ ఆదివారం తాతాజీ గారింట్లో భోజనానికి నన్నూ పిలిచారు.

తేలని కేసులు లేని ఏకైక సర్కిల్‌గా మాకు పెద్ద అవార్డు ప్రకటించారు. మంత్రిగారి చేతుల మీదుగా ఇస్తారట. సరిగ్గా అప్పుడే పై ఆఫీసు నుంచి ఒక కొర్రీ వచ్చి పడింది. అన్ని కేసుల్లోనూ నిందితుడు గుర్తు తెలియని దయ్యమేనా అని అడిగారు. ప్రతి దయ్యానికీ పేరు, తండ్రి పేరు, బతికున్నప్పటి చిరునామా ఉండి తీరాలి. లేకపోతే ఆ కేసు తేలనట్టే లెక్క.

కానిస్టేబుళ్ళు ఇంటింటికీ తిరిగి ఎవరెవరు పోయారో కనుక్కుని, పోయినవాళ్ళకి కేసులు పంచడం మొదలుపెట్టారు. కుటుంబానికి ఉత్తర్వంతా చదివి వినిపించి, నిందితుణ్ణి హాజరు పరచమని నోటీసు ఇచ్చేవారు. జనం మొదట్లో ఏడ్చారు గాని తొందరగానే సర్దుకున్నారు. మా వెనక వీధిలో ఒకాయన కొడుకులు పంచెలు ఎగ్గట్టి స్టేషను మీదికి వెళ్ళారు. వాళ్ళ నాన్న తహశీల్దారుగా చేసి పోయిన మనిషి. అలాంటాయనకి కుళాయి దొంగతనం అంటగడతారా, కనీసం ఒక బంగారం కేసైనా ఇవ్వరా అని వాళ్ళ బాధ. డి.ఎస్.పి. గారు సానుభూతితో పరిశీలించి, ఆయనకి నగల దుకాణం కేసు కేటాయించారు. పెద్దకొడుకు కళ్ళనీళ్ళు పెట్టుకుని దణ్ణం పెట్టాడు.

ఇంత సందడిలోనూ నూకరత్నం రోజూ వచ్చి ఆ బల్ల మీద కూర్చుంటూనే ఉంది. బండి లేక ఇళ్ళల్లో అంట్లు తోముకుంటోందని, పిల్లదాన్ని బడి మానిపించే ఆలోచనలో ఉందని తాతాజీ గారే నాతో అన్నారు. మంచిదేనండి పాపం, భుజంగరావు గారితో పెట్టుకుంది గాని, అని కూడా అన్నారు. చివరికి ఆమె కేసు కూడా తేలింది. నిందితుడు బొండాడ లోవరాజు, కీర్తిశేషుడు. ఆమె మొగుడే.

అందులో తర్కం ఉంది. భార్య సొత్తు మీద భర్తకి మమకారం ఉండటం సహజమని, ఆ మమకారంతో బండి తీసుకుపోయి ఉంటాడని తాతాజీ గారు రాశారు. పైగా మొగుడూ పెళ్ళాల మధ్య దొంగతనమేమిటి, ఇంటి గొడవ కింద పోతుంది. ఇంత చక్కగా ఒక్క దెబ్బతో మూసేసిన కేసు ఇంకొకటి లేదు. పై ఆఫీసుకి నమూనాగా పంపాలని డి.ఎస్.పి. గారు స్వయంగా వచ్చారు. పక్కన నిపుణుడిగా నన్ను కూర్చోబెట్టారు. నిందితుడి తరఫున సంతకం కోసం నూకరత్నాన్ని లోపలికి పిలిచారు.

ఆమె ఏడుస్తుందనుకున్నాం. లోపలికొచ్చి చెంగు నడుముకి దోపుకుంది.

"రాసుకోండి బాబూ. మా ఆయనే ఎత్తుకెళ్ళేడు. నేను కాదనను," అంది.

డి.ఎస్.పి. గారు ఆమె సహకారాన్ని శాఖ తరఫున అభినందించారు.

"కాపోతే ఒక్క మాటండి. నోటీసిచ్చిన రోజున కానిస్టేబుల్ బాబు అంతా చదివి వినిపించేడు. గుండాగి పోయినోళ్ళు దయ్యాలవరంట కదండీ. మా ఆయన గుండాగి పోయేడని ఈ స్టేషన్లోనే రాసేరు. మరి దయ్యం ఎలాగయ్యేడండి?"

తాతాజీ గారు తల వంచుకున్నారు. నాకు సంగతి అర్థం కాలేదు. ఆమే నా వైపు తిరిగి చెప్పింది. లోవరాజు భుజంగరావు గారి దగ్గర కూలికి కరెంటు స్తంభాలు ఎక్కేవాడు. లైను ఆపించాం ఎక్కమన్నారు, ఎక్కాడు. లైను ఆపించలేదు. కిందపడ్డ మనిషి చేతులు నల్లగా మాడిపోయి ఉన్నాయి. గుండె ఆగి సహజ మరణమని రాశారు.

"దయ్యం అయ్యేడంటారా, అయితే ఎలా పోయేడో కూడా రాయండి. స్తంభం మీదుండగా కరెంటుందని రాయండి. ఎక్కించిందెవరో రాయండి. అది రాసేక మా ఆయన్ని దొంగని రాసుకోండి, సంతకం ఎడతాను. ఆయనేం అనుకోడు."

డి.ఎస్.పి. గారు ఆమెని కాసేపు బయట కూర్చోమన్నారు. తలుపు మూయించి నా వైపు తిరిగారు.

"నిపుణుల వారు ఆ నియమాన్ని సవరించవలసిన ఆవశ్యకత ఏర్పడింది. సహజ మరణం పొందినవారు కూడా దయ్యాలు కావచ్చునని ఒక వాక్యం చేర్చండి."

నేను కుదరదన్నాను. ధర్మం కోసం ఎదురు తిరిగానని తరవాత కొందరు మెచ్చుకున్నారు, నేను కాదనలేదు. అసలు సంగతి, గుండెపోటుతో పోయిన దయ్యాన్ని నా పాఠకుల ముందు పెట్టి నేను బతకలేను. శాస్త్రం ఒప్పుకోదన్నాను. ఏ శాస్త్రమని అడిగితే నా దగ్గర సమాధానం లేదు, అదృష్టం కొద్దీ వాళ్ళడగలేదు.

తాతాజీ గారు ఇంకో దయ్యాన్ని చూద్దామన్నారు. చూస్తే ఆ వీధిలో పోయినవాళ్ళందరికీ కేసులు కేటాయించేశారు. లోవరాజు ఒక్కడే మిగిలాడు. వాణ్ణి వదిలేస్తే కేసు తేలదు, అవార్డు పోతుంది. వాణ్ణి దయ్యం చేస్తే చావు కేసు తిరగదోడాలి, భుజంగరావు గారి పేరు బయటికొస్తుంది, స్టేషన్ పేరూ బయటికొస్తుంది.

దారి డి.ఎస్.పి. గారికే దొరికింది. బండి పోలేదు. ఫిర్యాదుదారు బండిని ఎక్కడ నిలబెట్టిందో మరిచిపోయింది. పోని బండికి దొంగా అక్కర్లేదు, దయ్యమూ అక్కర్లేదు. భుజంగరావు గారికి ఫోను చేసి రెండు ముక్కలు మాట్లాడారంతే. నెలల తరబడి తేలని బండి, దానంతటది నడిచొచ్చినట్టు స్టేషన్ ముందుకొచ్చి నిలబడింది. పెనం ఉంది, పొయ్యి ఉంది, గొడుగు కూడా ఉంది.

నూకరత్నాన్ని లోపలికి పిలిచి రెండు కాగితాలు ముందు పెట్టారు. బండి పోలేదని ఒకటి. భర్త మరణం విషయంలో తనకి ఏ అనుమానమూ లేదని రెండోది. రెండు సంతకాలూ కలిపే పెట్టాలన్నారు, ఒకటి పెట్టి ఒకటి మానడం శాఖా నియమాల ప్రకారం కుదరదన్నారు. ఆమె కిటికీలోంచి బండి కేసి చూసింది. కాగితాల కేసి చూసింది. నా వైపు కూడా చూసింది. నిపుణుణ్ణి కదా, ఏమైనా అంటాననుకుందేమో. నేను మార్గదర్శకాల కాగితాలు తిరగేశాను. ఆ రెండో కాగితం గురించి మార్గదర్శకాల్లో నేనేమీ రాయలేదు.

"పిల్లదాని బడి తెరిచేసేరండి," అని, కలం అందుకుంది.

అవార్డు వచ్చింది. పేపర్లో ఫోటో పడింది, అందులో నా మోచెయ్యి కూడా ఉంది. జరిగిందంతా పొల్లుపోకుండా సీరియల్లో రాసి సంపాదకుడికి పంపాను. ఆయన తిప్పి పంపేశాడు. దయ్యం పాత్ర చాలా సహజంగా కుదిరిందట. పోలీసుల భాగమే అస్సలు నమ్మశక్యంగా లేదట, ఎవరినైనా అడిగి తెలుసుకుని రాయమన్నాడు.

పొద్దున్నే మెయిన్ రోడ్డు మీద నూకరత్నం బండి దగ్గర మళ్ళీ జనం మూగుతున్నారు. భుజంగరావు గారి హోటలు కుర్రాళ్ళు గుమ్మంలో నిలబడి ఈగలు తోలుకుంటున్నారు. నేనూ వెళ్ళి ఒక పెసరట్టు వెయ్యమన్నాను. ఆమె నన్ను గుర్తుపట్టి, ఉల్లిపాయ చెక్కతో పెనం రుద్దింది. పోనీలే అమ్మా, నీ బండి నీకు దక్కింది, అన్నాను.

"దక్కిందండి," అంది ఆమె, పిండి పోసి గరిటె తిప్పుతూ. "మా ఆయన్ని మాత్రం ఇంకోసారి గుండాపి చంపేసేరు. అప్పుడాళ్ళే రాసుకున్నారు. ఈసారి సంతకం నాచేత ఎట్టించేరు."

నా వెనక నిలబడ్డవాడు తనకి రెండు అట్లు, అల్లం ఎక్కువ వెయ్యమన్నాడు. నేను ఆకు పట్టుకుని పక్కకి జరిగాను. వేడివేడిగా ఉంది, బాగుంది కూడా. సగం అట్టు ఆకులోనే వదిలేసి వచ్చేశాను.